అరకు, పాడేరు కొండల్లో నవంబరు వెలుగును ఫొటోలో పట్టాలంటే

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. నవంబరు రెండో వారంలో హైదరాబాద్ నుంచి బయల్దేరి నాలుగు రోజులు లంబసింగి, పాడేరు, అరకు తిరగాలనుకుంటున్నారు. చేతిలో మామూలు క్రాప్ సెన్సర్ (చిన్న సెన్సర్) కెమెరా, 18-55 ఎంఎం లెన్స్, దూరపువాటిని దగ్గరగా చూపే 55-250 ఎంఎం టెలీ లెన్స్ ఉన్నాయి. కిందటేడు ఇవే చోట్లకు వెళ్తే ఫొటోలన్నీ తెల్లగా, చప్పగా వచ్చాయి. అమెరికాలో ఉన్న మీ అన్నయ్య పంపే ఫాల్ కలర్స్ (శరత్తులో ఆకుల రంగులు) ఫొటోల్లో ఉండే నిండుదనం మీ ఫొటోల్లోనూ కావాలి. అందుకు కొత్తగా వైడ్ లెన్స్ (ఎక్కువ వెడల్పు పట్టేది) కొనాలా?

కొనకండి. ఉన్న రెండు లెన్సులూ చాలు. ఈ కొండల్లో ఎక్కువగా అక్కరకొచ్చేది మీరు బ్యాగులోంచి బయటికి తీసి ఉండని ఆ 55-250. ఫొటోలు చప్పగా ఉండటానికి కారణం మీరు తీసిన వేళ, మీరు నిలబడిన వైపు. పొద్దున్నే టిఫిన్ చేసి పది గంటలకు వ్యూపాయింట్ చేరి, ఎండను వీపు మీద పెట్టుకుని తీస్తే ఎంత ఖరీదైన కెమెరాలోనైనా కొండలు అలాగే వస్తాయి. నేను విశాఖలో ఉంటూ చాలా ఏళ్లుగా ఈ ఏజెన్సీలో ల్యాండ్‌స్కేప్ ఫొటోలు తీస్తున్నాను. సెట్టింగుల కంటే ముందు ఇక్కడి శరదృతువు ఎలా పనిచేస్తుందో చెప్తాను. అది తెలిస్తే సెట్టింగులు వాటంతటవే కుదురుతాయి.

ముందుగా ఆకుల సంగతి. మీ అన్నయ్య ఉండే చోట పగటి పొడవు తగ్గి చలి మొదలవగానే మేపుల్, ఓక్ లాంటి చెట్ల ఆకుల్లో పచ్చదనం ఇంకిపోతుంది. కింద దాగిన పసుపు బయటపడుతుంది, కొన్ని ఆకుల్లో కొత్తగా ఎరుపు తయారవుతుంది. మన అడవులు చలిని చూసి ఆకు రాల్చవు, నేలలో తడి ఆరిపోయినప్పుడు రాలుస్తాయి. అందుకే నవంబరులో తూర్పు కనుమలు ఇంకా పచ్చగానే ఉంటాయి. ఆకు రాలే కాలం మనకు శిశిరం. మోదుగ పూలు, కుసుమ చెట్ల ఎర్రటి చిగుళ్లు కావాలంటే ఫిబ్రవరి, మార్చి నెలల్లో రావాలి. శరత్తులో ఎర్రని ఆకులే ముఖ్యమనుకుంటే కశ్మీర్ వెళ్లండి. అక్టోబరు చివర, నవంబరు మొదట్లో చినార్ చెట్లు శ్రీనగర్ నిషాత్ బాగ్‌లో, యూనివర్సిటీ ఆవరణలోని నసీమ్ బాగ్‌లో ఎర్రబారతాయి.

మరి నవంబరులో మన కొండల దగ్గర ఏముంది? గాలి ఉంది. నైరుతి రుతుపవనాలు మామూలుగా అక్టోబరు నడిమికల్లా ఉత్తరాంధ్ర వదిలి వెళ్తాయి. నెలల తరబడి పడ్డ వానకు గాలిలో దుమ్ము కడుక్కుపోయి ఉంటుంది, నేలలో తడి మాత్రం నిండుగా ఉంటుంది. రాత్రులు పొడుగవుతాయి, ఆకాశం తేరుకుంటుంది. ఇవన్నీ కలిస్తేనే లోయల్లో మంచు పేరుకుంటుంది, పైన ఆకాశం ముదురు నీలంగా ఉంటుంది. జనవరి వచ్చేసరికి చలి ఇంకా పెరుగుతుంది గానీ పొగ, దుమ్ము కూడా చేరి దూరపు కొండలు బూడిద రంగులోకి దిగిపోతాయి. చలి కోసం వచ్చేవాళ్లకు జనవరి బాగుంటుంది. ఫొటోలకైతే నవంబరు, డిసెంబరు మొదటి సగం. మీరు ఎంచుకున్న వారం మంచిదే.

ఇక సూర్యుడి లెక్క. దీని మీద కొంచెం ఎక్కువ సేపు ఆగుతాను, ఎందుకంటే ఇంటర్నెట్‌లో దొరికే గోల్డెన్ అవర్ (పొద్దు పొడిచాక, కుంకే ముందు ఉండే బంగారు వెలుగు వేళ) సలహాల్లో చాలావరకు ఉత్తర దేశాల వాళ్లు తమ సూర్యుణ్ణి చూసి రాసుకున్నవి. నవంబరు మొదట్లో స్కాట్లండ్‌లో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 20 డిగ్రీల ఎత్తుకు చేరడు. అంటే అక్కడ రోజంతా ఏటవాలు ఎండే. అరకు ఉన్నది దాదాపు 18 డిగ్రీల అక్షాంశంలో. ఇక్కడ సూర్యుడు గంటకు 13 డిగ్రీల పైచిలుకు వేగంతో పైకి లేస్తాడు. ఫొటోకు పనికొచ్చే బంగారు వెలుగు సూర్యుడు ఆరు డిగ్రీల లోపు ఉన్నంతసేపే అనుకుంటే, మనకు దక్కేది అరగంట కూడా కాదు. అక్కడివాళ్లు ఒకచోట తీసి, కారెక్కి, ఇంకోచోట దిగి మళ్లీ అదే వెలుగులో తీయగలరు. మనం ఒక ఉదయానికి ఒకే చోటు పెట్టుకోవాలి. అది కూడా ముందురోజు సాయంత్రమే వెళ్లి చూసి, ఎక్కడ నిలబడాలో తేల్చుకుని ఉండాలి.

రెండో లెక్క గడియారానిది. భారత ప్రామాణిక సమయానికి ఆధారమైన రేఖాంశం 82.5 డిగ్రీలు, అరకు దానికి కాస్త తూర్పున ఉంది. నవంబరు నడుమ అక్కడ సూర్యోదయం ఉదయం 6:05 ప్రాంతంలో, సూర్యాస్తమయం సాయంత్రం 5:20 ప్రాంతంలో. హైదరాబాద్‌తో పోలిస్తే రెండూ పావుగంట పైనే ముందు. హైదరాబాద్ అలవాటుతో ఐదున్నరకు సాయంత్రం ఫొటోలు తీద్దామని కూర్చుంటే చీకటే మిగులుతుంది. పైగా ఆ వేళలు చదునైన నేలకు చెప్పినవి. లోయలో పడమటి కొండ ఎంత ఎత్తుంటే అంత ముందుగా ఎండ పోతుంది. అరకు పొలాల్లో కొన్నిచోట్ల పంచాంగంలో రాసినదానికి అరగంట ముందే నీడ పడుతుంది. కాబట్టి సాయంత్రం పని నాలుగింటికి మొదలుపెట్టండి.

దిక్కు కూడా గుర్తుంచుకోండి. ఆ రోజుల్లో సూర్యుడు సరిగ్గా తూర్పున పొడవడు, దక్షిణం వైపు సుమారు 20 డిగ్రీలు ఆగ్నేయం వైపుకు జరిగి పొడుస్తాడు. అస్తమించేటప్పుడూ అంతే, పడమటి నుంచి దక్షిణానికి జరిగి ఉంటాడు. ఫోటోపిల్స్ లాంటి యాప్‌లో మీరు నిలబడే చోటును పెడితే ఏ కొండ వెనక నుంచి వస్తాడో గీత గీసి చూపిస్తుంది. హోటల్‌లో వైఫై ఉన్నప్పుడే చూసుకుని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. కొండల మీద సిగ్నల్‌ను నమ్ముకోవద్దు.

ఇప్పుడు మంచు. వంజంగి మేఘాల కొండ గురించి అందరూ రీల్స్‌లో చూసే ఉంటారు. పాడేరుకు దగ్గర్లోనే ఉంది, సుమారు 3,400 అడుగుల ఎత్తు. అక్కడ కింద పరుచుకుని కనిపించే తెల్లటి సముద్రంలో చాలాభాగం ఆ రాత్రి ఆ లోయలోనే పుట్టిన పొగమంచు. రాత్రి ఆకాశం తేటగా ఉంటే నేల తన వేడిని పైకి వదిలేసి చల్లబడుతుంది. నేలకు ఆనుకున్న గాలి కూడా చల్లబడి, బరువెక్కి, నీళ్లలాగే పల్లానికి జారి లోయ అడుగున చేరుతుంది. తడి నేల మీద ఆ గాలిలో తేమ మంచుగా మారుతుంది. పైన వెచ్చటి గాలి పొర మూతలా నిలబడుతుంది కాబట్టి మంచు ఒక ఎత్తు దాటి పైకి రాదు. మీరు ఆ మూతకు పైన నిలబడితే సముద్రం కనిపిస్తుంది, కింద ఉంటే తెల్లటి గోడ కనిపిస్తుంది.

ఇందులోంచే రేపు ఉదయం మంచు ఉంటుందో లేదో ముందే అంచనా కట్టవచ్చు. రాత్రి తొమ్మిదింటికి బయటికి వచ్చి తలెత్తి చూడండి. చుక్కలు స్పష్టంగా కనిపిస్తూ, ఆకు కదలకుండా ఉంటే మంచు పడే అవకాశం బాగా ఉంది. ముందురోజు చిన్న వాన పడి, సాయంత్రానికి తెరిపిస్తే ఇంకా మంచిది. మబ్బు కమ్మి ఉంటే నేల చల్లబడదు, గాలి వీస్తుంటే మంచు నిలవదు. అలాంటి రాత్రి అలారం పెట్టుకుని కొండెక్కే బదులు నిద్రపోయి, పగటి వెలుగులో కాఫీ తోటలకు వెళ్లండి. వాతావరణ శాఖ ఉపగ్రహ చిత్రం కూడా రాత్రి పడుకునే ముందు ఒకసారి చూడండి. బంగాళాఖాతంలో అల్పపీడనం ఉంటే ఆ చిత్రంలోనే తెలిసిపోతుంది.

వంజంగికి వెళ్లే రోజు పాడేరు నుంచి ఉదయం నాలుగు లోపే బయల్దేరండి. వాహనాలు ఆగే చోటు నుంచి నడక ఉంది, చీకట్లో రాళ్ల మీద ఎక్కాలి, తలకు కట్టుకునే టార్చిలైటు తప్పనిసరి. ఐదుంపావుకల్లా పైన ఉండాలి. సూర్యోదయానికి ముందు ఇరవై నిమిషాల వెలుగును చాలామంది వదిలేస్తారు. అప్పుడు మంచు లేత నీలంగా, తూర్పు అంచు నారింజ రంగుగా ఉంటుంది, వెలుగు తేడా కెమెరా తట్టుకోగలిగినంతే ఉంటుంది. ట్రైపాడ్ మీద ఎఫ్/8 (లెన్స్ రంధ్రం కొలత), ఐఎస్ఓ 100 (సెన్సర్ వెలుగును గ్రహించే స్థాయి), షట్టర్ ఎంత సేపు వస్తే అంత, రెండు సెకన్ల టైమర్. లెన్స్‌లో స్టెబిలైజేషన్ (చేతి వణుకును సరిచేసే ఏర్పాటు) ఆపేయండి.

సూర్యుడు పైకి వచ్చాక అందరి ఫోన్లూ అటే తిరుగుతాయి. మీరు 55-250 తగిలించి, సూర్యుడికి కాస్త పక్కగా, 150 నుంచి 200 ఎంఎం మధ్య చూడండి. మంచులోంచి తలెత్తిన కొండ కొసలు, వాటి వెనక ఇంకో వరస, దాని వెనక మరో వరస, ఒక్కొక్కటీ ముందుదాని కంటే పలచగా కనిపిస్తాయి. వైడ్ లెన్స్‌లో ఈ వరసలన్నీ చిన్న గీతలైపోయి ముక్కాలు భాగం ఉత్త ఆకాశమే వస్తుంది. టెలీ లెన్స్ వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చి చూపిస్తుంది. వంజంగిలో వైడ్ ఫొటో ఒకటి తీసి తృప్తి పడండి, మిగతా సమయమంతా టెలీకే ఇవ్వండి.

ఇక ఎక్స్‌పోజర్, అంటే ఫొటోలోకి ఎంత వెలుగు రావాలన్న లెక్క. కెమెరా మీటర్ ఏ తెల్లదనాన్నైనా నడిమి బూడిదగా మార్చాలని చూస్తుంది. సూర్యుడు ఫ్రేములో లేకుండా ఉత్త మంచే ఉంటే కాంపెన్సేషన్ (కెమెరా లెక్కకు పైన వెలుగును పెంచే, తగ్గించే సెట్టింగు) +0.7 నుంచి +1.3 వరకు పెంచండి, లేకపోతే మంచు మురికిగా వస్తుంది. సూర్యుడు ఫ్రేములోకి వచ్చాడా, లెక్క మారుతుంది. అప్పుడు హిస్టోగ్రామ్ (ఫొటోలో చీకటి నుంచి వెలుగు వరకు ఎంతెంత ఉందో చూపే గ్రాఫ్) కుడి అంచుకు కొట్టుకోకుండా చూసుకుని, ఒక స్టాప్ తేడాతో, అంటే వెలుగు ఒకదానికొకటి రెట్టింపయ్యేలా, మూడు ఫ్రేములు తీయండి. ఫార్మాట్ రా (RAW, కెమెరా మార్చకుండా దాచే ఫైల్) లోనే. వైట్ బ్యాలెన్స్ (రంగుల సమతూకం) ఆటోలో ఉంచితే కెమెరా ఆ నారింజ రంగును తప్పుగా భావించి సరిదిద్దేస్తుంది. డేలైట్‌లో, అంటే 5,200 కెల్విన్ దగ్గర, పెట్టి వదిలేయండి. చప్పదనం సగం అక్కడే పోతుంది.

ఏడు దాటేసరికి జనం దిగిపోవడం మొదలుపెడతారు. మీరు దిగకండి. ఎనిమిది, తొమ్మిది మధ్య ఎండకు నేల వేడెక్కి మంచు ముక్కలు ముక్కలుగా విరిగి, పాయలు పాయలుగా కొండ ఒళ్లో నుంచి పైకి పాకుతుంది. పొద్దుటి ప్రశాంతత ఉండదు గానీ కదలిక ఉంటుంది, నిమిషానికో కొత్త ఫొటో. ఒక ఊరు కనిపించి మాయమవుతుంది, ఒక చెట్టు మీదే ఎండ పడుతుంది. ఈ కొండల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైన సమయం ఇదే. అదే వేళకు కింద కాఫీ తోటల దగ్గర ఉంటే సిల్వర్ ఓక్ మొద్దుల మధ్య నుంచి ఎండ కిరణాలు ఊచల్లా దిగుతూ కనిపిస్తాయి. వాటికి ఎదురుగా, సూర్యుణ్ణి ఒక మొద్దు వెనక దాచి తీయండి. నీడలో ముదురు ఆకుపచ్చ, మిరియాల తీగ అంచుల మీద వెలుగు, కాఫీ కొమ్మల మీద ఎర్రబడుతున్న పండ్లు. ఎరుపు కావాలన్నారు కదా, ఈ నెలలో ఇక్కడ ఎరుపు కాఫీ పండులోనే దొరుకుతుంది.

మంచు కిందే ఆగకుండా మిమ్మల్నే కమ్మేసిన రోజున దిగులు పడొద్దు. లంబసింగిలో ఇది తరచుగా జరుగుతుంది. అప్పుడు దూరాన్ని వదిలేసి దగ్గరకు రండి. రోడ్డు పక్క చెట్ల వరస, ఒంటరి గుడిసె, నెగడు చుట్టూ కూర్చున్న మనుషులు, పశువుల వెంట నడిచే పిల్లవాడు. ముందున్నది ముదురుగా, వెనకున్నది పలచగా మంచే విడదీసి ఇస్తుంది.

మీ ప్రయాణం కార్తీక పౌర్ణమికి దగ్గరగా పడితే ఇంకో అవకాశం ఉంది. పౌర్ణమి నాటి చంద్రుడు సూర్యుడికి ఎదుటి దిక్కున ఉంటాడు కాబట్టి తెల్లవారుజామున పడమట దిగుతూ లోయ మొత్తాన్ని వెలిగిస్తాడు. నాలుగున్నర ప్రాంతంలో ఎఫ్/4, ఐఎస్ఓ 800, పది పదిహేను సెకన్లతో మొదలుపెట్టి చూసుకుంటూ మార్చుకోండి. మంచు పాలలా, పైన చుక్కలతో వస్తుంది. తూర్పు తెల్లబడే సమయంలో వెనక్కి తిరిగితే పడమటి కొండ మీద చంద్రుడు, కింద గులాబీ రంగు ఆకాశం ఉంటాయి. కాకపోతే కార్తీక మాసం పిక్నిక్కుల కాలం. ఆదివారాలు వంజంగి దారిలో కార్లు కదలవు. సోమవారం ఇక్కడ తిరగడం మొదలుపెట్టి గురువారం ముగిసేలా పెట్టుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

రెండో పెద్ద విషయం వలిసె పూలు. వానాకాలం చివర్లో చల్లిన ఈ నూనెగింజ పంట సాధారణంగా నవంబరులో అరకు, పాడేరు పొలాలను పసుపుతో నింపుతుంది. అందరూ పూలలోకి దిగి, ఎండను వెనక పెట్టుకుని, మనిషిని నిలబెట్టి తీస్తారు. అలా తీస్తే పసుపు ఒకే ముద్దగా వస్తుంది. ఉదయం ఆరున్నర, ఏడున్నర మధ్య సూర్యుడు మీకు ఎదురుగా, కాస్త ఒక పక్కకు ఉండేలా నిలబడండి. రేకలు పలచగా ఉంటాయి కాబట్టి వెలుగు వాటిలోంచి దూరి వచ్చి, ఒక్కో పువ్వూ లోపల దీపం పెట్టినట్టు కనిపిస్తుంది. కెమెరాను పువ్వు ఎత్తుకు దించండి. 55-250ని 100 నుంచి 200 మధ్య పెట్టి, ఎఫ్/8 దగ్గర, దూరంగా నీడలో ఉన్న కొండను వెనక తెరగా వాడుకోండి. ముదురు నీలం మీద పసుపు వచ్చినప్పుడు మీరు వెతుకుతున్న నిండుదనం అదే వస్తుంది. మొక్కలు చిన్న గాలికే ఊగుతాయి. షట్టర్ 1/250 కంటే తగ్గనివ్వకండి, కావాలంటే ఐఎస్ఓ 400 చేయండి.

పసుపుతో ఒక సాంకేతిక చిక్కు ఉంది. కెమెరా వెనక చూపించే మామూలు హిస్టోగ్రామ్ బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది గానీ ఎరుపు చానల్ అప్పటికే నిండిపోయి పువ్వులో వివరం మొత్తం పోతుంది. మూడు రంగులను విడివిడిగా చూపించే ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ పెట్టుకుని, ఎరుపు అంచు తాకకుండా -0.3 నుంచి -0.7 వరకు తగ్గించండి. మంచుకు పెంచాలి, వలిసెలకు తగ్గించాలి. ఈ రెండూ ఒకే ఉదయం వస్తాయి కాబట్టి మార్చడం మరిచిపోకండి.

ఉత్త పూలే కాకుండా పొలాల అల్లికనూ చూడండి. నవంబరులో ఒక మడిలో వలిసె, పక్క మడిలో కోతకొచ్చిన వరి, ఇంకో పక్క దున్నిన ఎర్రమట్టి, గట్టు మీద ఒక చెట్టు. రోడ్డు కొంచెం ఎత్తెక్కిన చోట ఆగి టెలీతో ఆ గళ్లను మాత్రమే తీయండి, ఆకాశం అసలు వద్దు. దీనికి పక్క నుంచి పడే ఎండ కావాలి. గట్ల నీడలు పొడుగ్గా ఉన్నప్పుడే మెట్లమెట్ల ఆకారం తెలుస్తుంది.

ఆ పొలం ఒక రైతు కుటుంబం ఏడాది తిండి, ఆదాయం. చాలాచోట్ల లోపలికి రావడానికి చిన్న మొత్తం అడుగుతున్నారు. అడిగింది ఇవ్వండి, బేరం ఆడొద్దు. ఫొటోలకని దిగినవాళ్లు తొక్కేసిన పంటకు అది ఏమూలకూ చాలదు. గట్టు మీదే నడవండి, మొక్కల మధ్యకు వెళ్లనే వద్దు. ఎండెక్కాక తేనెటీగలు బాగా వస్తాయి, వలిసెకు గింజ పట్టాలంటే అవే దిక్కు. వాటి పెట్టెల దగ్గరకు పోకండి. మనుషులను తీసేటప్పుడు కెమెరా ఎత్తకముందే “అమ్మా, ఒక ఫొటో తీసుకోవచ్చా?” అని అడగండి, వద్దంటే నవ్వి దించేయండి. సంతలో ముసలమ్మల ముఖాల మీదకు టెలీ లెన్స్ గురిపెట్టడం నాకు ఎప్పుడూ మంచిగా అనిపించలేదు.

మధ్యాహ్నాల గురించి తొందరగా చెప్తాను. పన్నెండుకు కాస్త ముందే సూర్యుడు 53 డిగ్రీల ఎత్తుకు చేరతాడు, దూరపు కొండలకు అది పనికిరాదు. ఆ వేళ ప్రయాణానికి, భోజనానికి, సాయంత్రం చోటు వెతకడానికి వాడండి. ఫొటోనే కావాలంటే నీడలోకి, నీళ్ల దగ్గరకు వెళ్లండి. కొత్తపల్లి జలపాతంలో, చాపరాయి గెడ్డలో (వాగులో) నవంబరులో ఇంకా మంచి నీరు ఉంటుంది. చెట్ల నీడ పడిన పాయను వెతికి, ట్రైపాడ్ మీద పావు సెకను నుంచి ఒక సెకను. పోలరైజర్ (మెరుపును తగ్గించే ఫిల్టర్) ఉంటే అక్కడే దాని విలువ తెలుస్తుంది. తడి రాళ్ల మీద, ఆకుల మీద మెరుపు పోయి అసలు రంగు బయటికి వస్తుంది. అదే పోలరైజర్‌ను 18 ఎంఎం దగ్గర నీలాకాశానికి వాడితే ఆకాశంలో ఒక మూల నల్లగా, ఇంకో మూల తెల్లగా వస్తుంది, అక్కడ తీసేయండి. మీరు ఏదైనా కొనాలనుకుంటే ఒక మంచి పోలరైజర్, గట్టి ట్రైపాడ్ కొనండి.

సాయంత్రం నాలుగు తర్వాత లోయల్లో ఇంకో పొర మొదలవుతుంది. గాలి నిలిచిపోయి, ఊళ్లలో పొయ్యిల పొగ పైకి పోలేక ఇళ్ల మీద నీలంగా పరుచుకుంటుంది. పడమటికి ఎదురుగా నిలబడితే ఆ పొగలోంచి నీరెండ వస్తుంది. పెంకుటిళ్లు, కళ్లంలో వరికుప్పలు, ఇంటికి తిరిగే మేకల కాళ్ల దగ్గర లేచే దుమ్ము, అన్నిటికీ అంచున ఒక వెలుగు గీత వస్తుంది. లెన్స్ హుడ్ పెట్టుకోండి, సూర్యుడు ఫ్రేముకు కొంచెం బయట ఉంటే అరచేతితో నీడ పట్టండి. ఫొటోలు తెల్లగా రావడానికి లెన్స్ మీద నేరుగా పడే ఎండ కూడా ఒక కారణం. లెన్స్ ముందున్న ఫిల్టర్ మీద దుమ్ముంటే ఇంకా ఎక్కువ.

దారి ఇలా పెట్టుకోండి. హైదరాబాద్ నుంచి రాత్రి రైలెక్కి తునిలో దిగి, నర్సీపట్నం మీదుగా లంబసింగి. మొదటి సాయంత్రం తాజంగి జలాశయం దగ్గర, నీటిలో కొండ నీడ కోసం. రెండో ఉదయం లంబసింగిలో మంచు. తర్వాత చింతపల్లి, జి.మాడుగుల మీదుగా కొత్తపల్లి జలపాతం చూసుకుని రాత్రికి పాడేరు. మూడో ఉదయం వంజంగి, మధ్యాహ్నం అరకు చేరి సాయంత్రం పొలాల్లో చోటు చూసుకోవడం. నాలుగో ఉదయం వలిసె పూలు, ఆ తర్వాత అనంతగిరి కాఫీ తోటలు, గాలికొండ మీదుగా విశాఖకు దిగడం. విశాఖ నుంచి అరకు వచ్చే రైలు, 58 సొరంగాల దారి, జీవితంలో ఒకసారి తప్పక చూడాల్సినదే. కానీ అది అరకు చేరేసరికి పొద్దెక్కిపోతుంది, నచ్చిన చోట ఆగదు. ఫొటోల ప్రయాణానికి సొంత బండి లేదా మాట్లాడుకున్న కారే మంచిది. డ్రైవర్‌కు మూడున్నరకు లేవాలని ముందే చెప్పి, దానికి తగ్గ డబ్బు ఇవ్వండి.

తెల్లవారుజామున కెమెరా విషయంలో ఒక జాగ్రత్త. బయట మంచులో చల్లబడిన కెమెరాను నేరుగా వెచ్చటి గదిలోకో, టీ మరుగుతున్న హోటల్లోకో తెస్తే లెన్స్ మీద, ఒక్కోసారి లోపల కూడా చెమ్మ పడుతుంది. బయటే బ్యాగులో పెట్టి జిప్ మూసి, లోపలికి తెచ్చాక అరగంట ఆగి తెరవండి. కొండ మీద లెన్స్‌ను ఆకాశం వైపు తెరిచి వదిలితే దాని మీద కూడా మంచు పడుతుంది. తీయనప్పుడు మూత పెట్టండి, పొడి మైక్రోఫైబర్ గుడ్డలు రెండు జేబులో ఉంచండి. అదనపు బ్యాటరీ లోపలి జేబులో.

ఇంటికొచ్చాక ఎడిటింగ్‌లో మసకను తీసేసే డీహేజ్ స్లైడర్‌ను చాలా కొద్దిగానే వాడండి. మంచును తీసేయడానికి కాదు కదా మీరు అంత దూరం వెళ్లింది. ఇంకో విన్నపం, ఆకుపచ్చను నారింజగా మార్చే ప్రీసెట్లు (ఒక్క నొక్కుతో రంగులు మార్చే రెడీమేడ్ సెట్టింగులు) వాడకండి. సిల్వర్ ఓక్‌ను మేపుల్‌గా మార్చిన అరకు ఫొటోలు ఈమధ్య చాలా చూస్తున్నాను, బాధగా ఉంటుంది. ఆ పచ్చదనం మీద నవంబరు పొద్దుటి పసుపు పడినప్పుడు వచ్చే రంగు ప్రపంచంలో ఇంకెక్కడి ఫాల్‌లోనూ రాదు. దాన్ని ఉన్నట్టే మీ అన్నయ్యకు పంపండి.

చివరగా తుపాన్లు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు బంగాళాఖాతం నిలకడగా ఉండదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు ఈ కొండల మీద కాఫీ తోటలు, వాటికి నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు బాగా దెబ్బతిన్నాయి. మీ వారంలో వాయుగుండం హెచ్చరిక వస్తే ప్రయాణం వాయిదా వేయండి, ఘాట్ రోడ్డులో కొండచరియలు విరిగిపడతాయి. తుపాను వెళ్లిపోయి ఆకాశం తేరిన రెండు మూడు రోజులకు రాగలిగితే మాత్రం రండి, గాలి అప్పుడు ఉన్నంత తేటగా ఇంకెప్పుడూ ఉండదు. నాలుగో రోజు గాలికొండ దగ్గర ఎంత బాగున్నా నాలుగున్నరకు కెమెరా సర్దేసి, చీకటి పడకముందే ఘాట్ దిగండి. ఐదున్నర తర్వాత ఆ మలుపుల్లో మంచు దిగడం మొదలైతే ముందున్న లారీ కూడా కనిపించదు.